యాడికి ప్రయాణము: ఆగిన రథము చెప్పిన ధర్మము



అనంతపురము జిల్లాలో తాడిపత్రికి చేరువగా యాడికి అను గ్రామము కలదు. ఈ సీమవారి నిత్యవ్యవహారములో ‘యాడికి’ అనగా ‘ఎక్కడికి’ అని అర్థము. బస్సులో కండక్టరు ‘యాడికప్పా?’ అని అడుగుటయు, ఎక్కినవాడు ‘యాడికికే’ అని బదులు చెప్పుటయు, ప్రక్కవారు నవ్వుకొనుటయు ఈ ప్రాంతమున పరిపాటియైన పరిహాసము. పరిహాసమే యైనను ఆ ప్రశ్న చిన్నది కాదు. ‘జీవుడా! నీవు ఎక్కడికి పోవుచున్నావు?’ అని శాస్త్రములన్నియు మనలను అడుగుచున్నది ఆ ప్రశ్ననే గదా! బండి సాగుచున్నంతసేపు ఆ ప్రశ్న మన చెవికెక్కదు. బండి ఆగినప్పుడే వినబడును. నాకట్లు వినబడిన ఒక దినమును గూర్చి మీకు మనవి చేయదలచితిని. ఇందు నా గొప్ప యేమియు లేదు. ఉన్నది నా తప్పు మాత్రమే.

సుమారు నలుబది యేండ్ల నాటి మాట. రోహిణి కార్తె. రోళ్ళు పగులునని పెద్దలు చెప్పిన యెండ. ఏడాది పొడవున సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు జిల్లా యిది. ఆ వేసవిలో చెరువులు నెఱ్ఱెలు విచ్చియుండెను. యాడికిలో ఆ సాయంకాలము నా ఉపన్యాసము ఏర్పాటైనది. విషయము ద్రోణపర్వములోని సైంధవవధ. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుని, చింతల వేంకటరమణస్వామిని దర్శించుకొని, ఒక భక్తుడు దయతో పంపిన పాత కారులో బయలుదేరితిని. దర్శనమున ఆలస్యమైనది. సభవారు ఎదురు చూచుచుందురను ఆదుర్దా నన్ను పట్టుకొనెను.

కొంతదూరము పోగానే డ్రైవరు మెల్లగా అనెను: “సామీ, ఇంజను బాగా కాగిపోయింది. ఆ వేపచెట్టు కాడ పావుగంట ఆపి, చల్లబడినాక పోదాము.”

“వేళ మించిపోవుచున్నది నాయనా, పోనిమ్ము” అంటిని. అతడు మారు పలుకలేదు.

మరికొంత దూరమున ఒక యెడ్లబండి ఒరిగియుండెను. ఇరుసు శీల విరిగి చక్రము ఊడివచ్చినది. ఒక రైతు తువ్వాలు పైకెత్తి ఊపుచుండెను. బండి నీడలో ఒక తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. డ్రైవరు వేగము తగ్గించి నా వైపు చూచెను. “వెనుక బస్సు వచ్చును గదా, వారెక్కింతురు. మనము పోవలసినది దేవుని పనికి” అంటిని. ఆ మాట తలచుకొన్నప్పుడెల్ల నేటికిని నాకు సిగ్గు కలుగును.

మైలు దూరమైనను పోలేదు. మలుపు వద్ద ఇంజను రెండుమారులు దగ్గి, టక్కున ఆగిపోయెను. వెనుకనుండి నాపరాళ్ళు నిండిన లారీ యొకటి హారను మ్రోగించుచు వచ్చుచుండెను. నా గుండె ఆగినంత పనియైనది. డ్రైవరు మాత్రము కంగారుపడలేదు. స్టీరింగును గట్టిగా పట్టి, క్లచ్చి నొక్కి, బండికి మిగిలిన కొద్దిపాటి ఊపుతోనే దానిని ఎడమవైపు మట్టిదారిలోనికి దించెను. లారీ మూరెడు దూరమున దాటిపోయెను. అతడు నన్ను ఎడమ తలుపునుండి దింపి, దారికి దూరముగా తుమ్మచెట్టు క్రింద నిలిపెను. తరువాత మలుపునకు అవతల, వచ్చువారికి ముందే కనబడునట్లు, తుమ్మకొమ్మలు విరిచి దారి అంచున పరచి, వానిపై రాళ్ళుంచెను.

ప్రాణము కాపాడినవానికి కృతజ్ఞత చెప్పవలసిన నోటితో నేనేమంటిని? “ఇట్టి బండిని ఏల తెచ్చితివి?” అని గద్దించితిని. అతడు తలవంచుకొని ఇంజను మూత యెత్తెను. నీళ్ళడబ్బా చూచితిమి. అది ఖాళీ. ఉపన్యాసపు తొందరలో నింపుకొనుట కూడ మరచితిమి. దారిన పోవు రెండు వాహనములకు నేను చేయి యెత్తితిని. అవి ఆగలేదు. వారికిని ఏదో గొప్ప పని యుండియుండును. ఆ యెండలో నిలబడి నేనూపిన ఉత్తరీయము, ఇంతకుమునుపు ఆ రైతు ఊపిన తువ్వాలు నా మనస్సులో ఒకటే ఐపోయినవి.

అరగంట గడచెను. ఆ యెడ్లబండియే వచ్చెను. ఆ రైతు తుమ్మకొయ్యతో శీల చెక్కుకొని చక్రము బిగించుకొనినాడు. నేను చేయి యెత్తుటకు సాహసింపలేదు. ఎత్తకమునుపే అతడు కాడి నిలిపి, “ఏమాయె సామీ?” అని అడిగెను. విషయము విని, బండిలోనున్న కడవ దించి డ్రైవరు ముందు పెట్టెను.

“ఇవి దేనికి తెచ్చుకొన్న నీళ్ళు నాయనా?” అని అడిగితిని.

“ఎద్దులకు సామీ. అవి ఊరికాడ తాగుతాయి లెండి. మీరు యాడికి పోవాల?”

“యాడికికే” అంటిని. అతడు నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

డ్రైవరు తువ్వాలు తడిపి పెట్రోలు పంపునకును దాని గొట్టమునకును చుట్టెను. రేడియేటరు మూతను వెంటనే తీయక, చేయి పెట్టి ఓర్చుకొనదగినంతగా చల్లబడినదాక ఆగి, గుడ్డ కప్పి మెల్లగా త్రిప్పి నీరు పోసెను. వేడిమీద తీసినచో మరుగునీరు ఎగజిమ్మి ముఖము కాలునట. పిమ్మట తాళము త్రిప్పగనే ఇంజను పలికెను. కారణమేమని అడిగితిని. “పెట్రోలు ఉంది సామీ, పంపు బాగుంది. వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోయింది. పంపు నూనెను తోస్తాది గాని ఆవిరిని తోయలేదు” అనెను.

అప్పుడు బిడ్డను చూచితిని. నాలుగేండ్ల బాలుడు. ప్రొద్దుటినుండి వాంతులు, విరేచనములు. కన్నులు లోతుకు పోయినవి. ఏడ్చుటకును శక్తి లేదు. తల్లి చిన్నగ్లాసులోని నీటిని చుక్కచుక్కగా వాని పెదవులపై వేయుచుండెను. తల్లీబిడ్డలను కారులో కూర్చుండబెట్టుకొంటిమి. రైతు బండితో వెనుక వచ్చుటకు ఒప్పుకొనెను. కదలుటకు ముందు డ్రైవరు పరుగున పోయి దారిపై తానుంచిన రాళ్ళను, కొమ్మలను ఒక్కటైనను మిగులకుండ తీసివేసెను. “చీకటి పడితే సైకిలువాడెవడో పడతాడు సామీ” అనెను.

యాడికి ఆసుపత్రిలో డాక్టరుగారు బిడ్డకు సెలైను పెట్టి, “ఇంత ఆలస్యమేల చేసితిరి? దారిలో ఒక్క బండియైనను ఆపలేదా?” అని ఆ తల్లిని మందలించిరి. ఆమె నా వైపు చూడలేదు. “బండ్లు రాలేదయ్యా” అని మాత్రము అనెను. నన్ను కాపాడుటకు ఆమె ఆడిన ఆ మాట నాకు పడిన శిక్షలన్నింటిలో పెద్దది. భగవత్కృపచే బాలుడు మూడవనాటికి కోలుకొనెను.

సభకు రెండు గంటలు ఆలస్యముగా పోయితిని. సైంధవవధ చెప్పుటకు లేచినవాడను, ముందుగా ఈ కథను చెప్పుకొంటిని. ఏలయనగా నేనెన్నో యేండ్లుగా చెప్పుచున్న ఆ ఘట్టమును ఆనాడే మొదటిసారి చదివినట్లు తోచినది.

సోదరులారా, ఆ ఘట్టమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. భారతయుద్ధమున పదునాలుగవ దినము. సూర్యుడస్తమించులోపల సైంధవుని చంపెదననియు, చంపలేనిచో అగ్నిప్రవేశము చేసెదననియు అర్జునుని ప్రతిజ్ఞ. ప్రొద్దు వాలుచున్నది. సైంధవుడింకను దూరమున నున్నాడు. లోకమున అంతకంటె తొందర యెవరికుండును? ఆ సమయమున శ్రీకృష్ణపరమాత్మ రథమును నిలిపినాడు. గుఱ్ఱములు బాణముల గాయములతో, దప్పికతో అలసియుండెను. అర్జునుడు నేలపై నిలబడి శత్రువుల నడ్డగించుచు, బాణముతో భూమిని చీల్చి జలాశయమును కల్పించెను. జగన్నాథుడు స్వయముగా కాడి విప్పి, తన చేతులతో బాణములు పెరికి, గుఱ్ఱములను కడిగి, నీరు త్రాగించి, మేపి, మరల పూన్చినాడు. తరువాతనే రథము కదలినది. ప్రతిజ్ఞయు నెరవేరినది. ఆగినందువలన ఆలస్యము కాలేదు. ఆగినందువలననే చేరినారు.

ఈ కథ నాకు రాదా? కంఠస్థము. మరి వేపచెట్టు వద్ద నాకేల జ్ఞప్తికి రాలేదు? దీనికి సమాధానము ఆ డ్రైవరే చెప్పినాడు. టాంకులో పెట్రోలున్నది. పంపు ఆడుచున్నది. నడుమ ఆవిరి చేరినది. మనలో చదువున్నది, బుద్ధియు ఉన్నది. తొందర యనెడి వేడికి ఆ చదువు ఆవిరియై, చేతివరకు, కాలివరకు చేరకున్నది. దానికి తడిగుడ్డ కావలెను. ఆ తడి కరుణయే. అది నాకు ఎద్దుల నీటినుండి లభించినది.

కఠోపనిషత్తు ఈ దేహమును రథమనియు, ఆత్మను అందు కూర్చున్న రథికుడనియు, బుద్ధిని సారథియనియు, మనస్సును పగ్గమనియు, ఇంద్రియములను గుఱ్ఱములనియు వర్ణించినది. సారథి ‘ఆపుము’ అని చెప్పగా రథికుడు వినకున్నచో ఏమగునో నేను ఎండలో నిలబడి తెలిసికొంటిని. యుద్ధము ముగిసినపిదప జరిగిన మరియొక సంగతి శల్యపర్వమున కలదు. శిబిరమును చేరగనే శ్రీకృష్ణుడు అర్జునుని ముందుగా దిగుమనెను. తరువాత తాను దిగెను. ధ్వజముపైనున్న హనుమంతుడు అంతర్ధానమయ్యెను. మరుక్షణమే ఆ రథము భస్మమైనది. ద్రోణకర్ణుల దివ్యాస్త్రములచే అది యెన్నడో దగ్ధమైనదనియు, తాను కూర్చున్నందువలన ఇంతదాక నిలిచినదనియు స్వామి సెలవిచ్చెను. మన బండ్లు ఇన్నాళ్ళు ఆగకుండ నడచుట మన ప్రజ్ఞ యని తలచుచున్నాము. ఆగినప్పుడు ‘ఇట్లేల జరిగినది?’ అని దేవుని నిందించుచున్నాము. ‘ఇన్నాళ్ళు ఎట్లు నడచినది?’ అని అడుగువాడు అరుదు.

అట్లని, భగవంతునిపై భారము వేసి చేతులు ముడుచుకొనుట భక్తి కాదు. శ్రీకృష్ణుడే గుఱ్ఱములకు నీరు పెట్టినప్పుడు మనము రేడియేటరు చూచుకొనుటకు సిగ్గుపడనేల? ఈనాటి కార్లలో పెట్రోలు పంపు టాంకులోనే యుండుటచే నాటి ఆవిరి తంటా చాలవరకు తగ్గినది. అయినను బ్యాటరీ తీగ వదులగుట, ఇంధనము అయిపోవుట, ఇంజను వేడెక్కుట నేటికిని కలవు. పరుగెత్తుచున్న బండి ఆగినచో స్టీరింగు బరువెక్కును. అంతేగాని తిరుగకపోదు. బలముగా పట్టవలెను. బ్రేకు ఒకటి రెండుసార్లు మామూలుగా పనిచేసి పిమ్మట గట్టిపడును. కనుక ఊరక నొక్కి వదలుచుండక, ఒక్కమారుగా నిలుకడగా నొక్కవలెను. స్టీరింగు బిగుసుకొనును గనుక, కదలుచున్న బండిలో తాళమును పూర్తిగా త్రిప్పి తీయరాదు. ఎడమ అంచునకు చేర్చి, నాలుగు మూలల దీపములు మిణుకునట్లు వేసి, ఎర్రని త్రికోణమును వెనుక దూరముగా నుంచి, అందరిని ఎడమవైపు దింపి దారికి దూరముగా నిలుపవలెను. బండి వెనుక నిలబడరాదు. రైలుపట్టాలపై ఆగినచో బండిని మరచి, ముందుగా మనుష్యులను దింపి దూరముగా పంపి, గేటు కాపరికి తెలుపవలెను. ఇనుము మరల కొనవచ్చును.

ఇక ఆగినది మన బండి కాక పరుల బండియైనచో? ఆనాడు మాకు లేని 108 అంబులెన్సు 2005వ సంవత్సరము నుండి మన రాష్ట్రమున కలదు. జాతీయ రహదారులపై 1033 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ప్రమాదమున పడినవారికి సాయపడువారిని చిక్కులపాలు చేయరాదని సుప్రీంకోర్టు 2016లో ఉత్తరువిచ్చినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు జరిగిన సవరణలో ఆ రక్షణ చట్టముగనే చేర్చబడినది. ‘మనకెందుకు, పోలీసులు అడుగుదురు’ అను సాకు ఇప్పుడు చెల్లదు. మిగిలిన సాకు ఒక్కటే: ‘వేళ మించిపోవుచున్నది.’ దానికి జవాబు పదునాలుగవ దినపు సూర్యునికంటె వేరేమి కావలెను?

తాడిపత్రిలో చింతల వేంకటరమణుని ముంగిట గరుత్మంతుని మండపము రాతిరథముగా మలచబడినది. చక్రములున్నవి. శతాబ్దములుగా అది కదలలేదు. ఆనాడు ఉదయము దానిని చూచియు నేను శిల్పమును మెచ్చుకొని వచ్చితిని. ఇప్పుడు పోయినప్పుడెల్ల దానిముందు కొంతసేపు ఊరక నిలబడుదును. స్వామి రథమే నిలిచియుండగా నాకేమి తొందర యని నన్ను నేను అడుగుకొందును.

ఆ రైతు పేరు అడిగితినే గాని అతడు చేసిన ఉపకారమునకు బదులు చేయలేకపోయితిని. ఉపన్యాసము ముగిసిన రాత్రి ఆసుపత్రి అరుగుపై అతడు కూర్చుండియుండగా, “నీవు చేయి ఊపినప్పుడు కారులో నున్నవాడను నేనే నాయనా” అని చెప్పితిని. “తెలుసు సామీ. ఎండలో కారు రంగు దూరానికే కనబడింది” అనెను. తెలిసియే కడవ దించినాడు!

కాబట్టి భగవద్బంధువులారా, ఈ దినము మీరు ఇంటికి పోవుదారిలో ఎవరి తువ్వాలైనను గాలిలో ఊగుట కనబడినచో, ఒక్క క్షణము ‘యాడికి?’ అని మిమ్ములను మీరు ప్రశ్నించుకొని, బండి ఆపుడు. చేయి ఊపువాడు పార్థసారథియే కావచ్చును.

శుభమస్తు.