పాదాలకూ ఒక నిష్ఠ

అయ్యప్ప మాల వేసుకున్న షుగరు రోగి 41 రోజులూ చెప్పుల్లేకుండా నడవాల్సిందేనా? బాధను ఓర్చుకోవడమే తపస్సంటారు కొందరు. ఓర్చుకోవాలంటే ముందు నొప్పి తెలియాలి కదా! షుగరు నరాలను దెబ్బతీస్తే ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. పైగా దీక్షలో రెండుపూటలా స్నానం చేసి సరిగా తుడవకపోతే కాలివేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని ఒరిసిపోతుంది. అక్కడ ఫంగస్ చేరి చర్మం పగిలితే, ఆ పగుళ్లలోంచి బ్యాక్టీరియా దిగి పుండు పడవచ్చు. తెలియని బాధలో త్యాగం లేదు, ప్రమాదమే ఉంది.

మినహాయింపులిస్తే నియమం పలచబడదా? పడదు. రోజూ పాదాలు చూసుకోవడం, వేళ్ల మధ్య తడి లేకుండా ఒత్తుకోవడం, ఫంగస్ సోకితే దురద తగ్గినా డాక్టరు చెప్పినన్నాళ్లూ మందు రాయడం కూడా నిష్ఠే. స్వామీ, చెప్పులు వేసుకోండి. కొండ ఎక్కాల్సింది ఆ పాదాలే.