మీట నొక్కినవాడు కర్తయగునా?

ఇంజనీరింగు విద్యార్థి యొకడు కంప్యూటరు తెరపై ఒక బ్రాకెట్టును గీసి, దానిని పొరలుపొరలుగా విభజించు స్లైసరు ప్రోగ్రామునకు అప్పగించి, మీట నొక్కి, హాస్టలుకు పోయి భోజనము ముగించి వచ్చునప్పటికి త్రీడీ ప్రింటరులో వస్తువు సిద్ధమై యుండును. వాడు దానిని చేతబట్టి "ఇది నేనే చేశాను" అనును. ఆ మాటలో సత్యమెంత పాలు గలదో విచారించుట వేదాంతుల కాలక్షేపముగా కొందరికి దోచవచ్చును గాని, డిజిటల్ తయారీవిద్యను విశ్వవిద్యాలయములలో బోధింప బూనినవారు దాటవేయరాని ప్రశ్న యిదియేయని నా తలంపు. ఏలయన, కర్త యెవడో తేలనిచోట శిక్షణ యెవనికి ఈయవలెనో, దేనియందు ఈయవలెనో కూడ తేలదు.

ఈ సందేహము నిన్న మొన్న పుట్టినది కాదు. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.వారు చిల్లుల టేపుపై నున్న సంఖ్యల ననుసరించి కదలు మిల్లింగు యంత్రమును ప్రదర్శించిననాడే, పనివాని మణికట్టునందుండిన నేర్పు అంకెలలోనికి ప్రవేశింప నారంభించినది. చార్లెస్ హల్ 1986లో పేటెంటు పొందిన పద్ధతి, ద్రవమును అతినీలలోహిత కిరణములతో పొరవెంట పొరగా గట్టిపరచి, ఉలితోను అచ్చుతోను పనిలేకుండ వస్తువును నిలబెట్టినది. ఎం.ఐ.టి.లోనే నీల్ గెర్షన్‌ఫెల్డ్ 1998లో, దాదాపు దేనినైనను తయారుచేయుట నేర్పుదునని ఒక పాఠ్యక్రమమును ప్రారంభించెను. ఆ యూహనుండి పుట్టిన ఫ్యాబ్ ల్యాబులను తయారీ ప్రయోగశాలలలో తొలివానిలో నొకటి మహారాష్ట్రలోని పాబల్ గ్రామమున, విజ్ఞాన ఆశ్రమములో వెలసినది. 2023లో హైదరాబాదున టి-వర్క్స్ అను నమూనాల తయారీ కేంద్రము తలుపులు తెరచినది. యంత్రములు వచ్చినవి, వాని వెంట రావలసిన విచారము మాత్రము ఇంకను రాలేదు.

ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతునకు బోధించుచు, ఒక్క మట్టిముద్దను తెలిసికొన్నచో మట్టితో నైన సమస్తమును తెలిసినట్లేయనియు, కుండ మూకుడు మొదలగు వికారములు పేరునకు మాత్రమేయనియు, మన్నొక్కటియే సత్యమనియు నిరూపించినాడు. క్యాడ్ అను రూపకల్పన ప్రోగ్రాము తెర ముందు కూర్చున్న మన కుర్రవాడు, తానెరుగకయే, ఈ యుపదేశమును తలక్రిందులు చేసినాడు. వానికి రూపమే సత్యము. అది ఫైలులో అరుగక తరుగక యుండును, క్షణములో ఖండాంతరములకు పోవును. పదార్థమా, నేడు ప్లాస్టిక్కు, రేపు అల్యూమినియము. మెనూలో ఎంచుకొనదగిన ఒకానొక వికల్పము, అంతే.

అయితే పదార్థము ఈ చిన్నచూపును ఊరక సహించునది కాదు. పి.ఎల్.ఎ. అను ప్లాస్టిక్ తీగ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిమికి కరగి, సాధారణముగా 0.4 మిల్లీమీటర్ల రంధ్రముగల నాజిలు గుండ జారి, క్రింది పొరపై బడి దానికి అతుకుకొనును. ఆ అతుకునకు తీగకున్నంత బలముండదు. అందుచేత ఒకే ఫైలునుండి పడుకోబెట్టి ముద్రించిన బ్రాకెట్టు బరువు మోయగా, నిలువుగా ముద్రించినది పొరల నడుమ పుటుక్కున విరుగును. తెరపై మాత్రము రెండింటికిని వెంట్రుకవాసి భేదము లేదు. 6 మిల్లీమీటర్లని గీసిన రంధ్రము ముద్రణలో కొంత కుంచించుకొని అదే కొలత బోల్టును రానీయదు. ఏ.బి.ఎస్. అను మరియొక ప్లాస్టిక్కు చల్లారుచు మూలలు ముడుచుకొని ముద్రణపీఠమగు బెడ్డునుండి పైకి లేచును. అంకెల ననుసరించి కదలు సి.ఎన్.సి. మిల్లులో సన్నని కట్టరును అతిగా లోతునకు దింపినచో అది వంగును, వణకును. ఆ వణకు లోహముపై అలలుగా నిలిచిపోవును. ఉద్దాలకుని గమ్యము సద్వస్తువే గాని కుండల గట్టితనము కాదని నేనెరుగుదును. అయినను రూపమొక్కటియే సత్యమని నమ్మినవానికి ఆయన మన్ను ఈ ప్రయోగశాలలో ఎదురుసాక్ష్యము చెప్పుచున్నట్లే నాకు దోచుచున్నది.

ఇక కర్త సంగతి. గీత పదునెనిమిదవ అధ్యాయము ఏ కర్మకైనను ఐదు హేతువులను చెప్పుచున్నది: అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధ చేష్టలు, ఐదవది దైవము. శంకరులు అధిష్ఠానమనగా శరీరమనియు, దైవమనగా ఇంద్రియముల ననుగ్రహించు ఆదిత్యాది దేవతలనియు వ్యాఖ్యానింపగా, రామానుజులు దైవమును అంతర్యామియగు పరమాత్మగా గ్రహించిరి. వారి విచారము జీవుని గూర్చినది. దానిని యంత్రశాలకు లాగుకొని వచ్చుట సాహసమే. ఆ సాహసమునకు నేను సిద్ధముగ నున్నాను. యంత్రపు చట్రమే అధిష్ఠానము. నాజిలు, కట్టరు కరణములు. వేడిమి, వేగము, పొరల మందము చేష్టలు. తీగ పీల్చుకొన్న తేమ, కిటికీనుండి వీచిన గాలి మొదలుగా విద్యార్థి లెక్కకు రాని శేషమంతయు దైవస్థానీయము. పైగా వస్తువు లోపలిభాగమును ఎంత నింపవలెనో, ఎచ్చట ఊతములు పెట్టవలెనో స్లైసరు వ్రాసిన అజ్ఞాత ప్రోగ్రామరులు ముందే నిర్ణయించి యుంచిరి. మన వాడు ఆ విలువలను ముట్టుకొననైన లేదు. ఇందరి నడుమ కర్తకు మిగిలిన భాగమెంత? కేవలము తననే కర్తగా జూచువాడు సరిగా జూచువాడు కాడని అక్కడనే గీత తేల్చినది. విచిత్రమేమనగా, చేష్ట స్వల్పమైన కొలది "నేనే" అను అభిమానము హెచ్చుచున్నది. సారె ముందు కూర్చున్న కుమ్మరికి అంత ధైర్యముండదు.

చేతిపని నేర్పుటకు మొదటి సంవత్సరమున మన కళాశాలలలో వర్క్‌షాపు కలదు. ఇనుపముక్కలను బెంచి వైసులో బిగించి, ఆకురాయితో అరగదీసి, ఒకదానిలో నొకటి ఇముడునట్లు చేయుమందురు. విద్యార్థులు దానిని శిక్షగా భావింతురు; సీనియరు చేసిన ముక్కనే తెచ్చి చూపి మార్కులు కొట్టివేయు ఘనులును గలరు. చేతిపనిని పూజాద్రవ్యముగా జేయువారితో నేను ఏకీభవింపను; పగలంతయు ఆకురాయి రుద్దినంత మాత్రమున ఎవరికిని జ్ఞానోదయము కాదు. కాని ప్రఫుల్లచంద్ర రాయ్, 1902లో తొలిసంపుటము వెలువడిన తన హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో, చేతివృత్తులు కొన్ని కులములకే విడువబడి మేధావులు వానికి దూరమగుటచే ఈ దేశమున శాస్త్రదృష్టి క్షీణించెనని నిష్కర్షగా వ్రాసెను. డిజిటల్ తయారీ ఆ చీలికను పూడ్చగలదు. ఏలయన ఊహించువాడును తయారుచేయువాడును ఇందు ఒక్కడే కావచ్చును. కాని రూపము గీసినవాడు ఏ.సి. గదిలోను, మూసుకొనిపోయిన నాజిలును సూదితో పొడిచి శుభ్రపరచు ఐ.టి.ఐ. చదివిన టెక్నీషియను ప్రక్క గదిలోను ఉన్నంతకాలము, ఆ పాతగోడ క్రొత్త సున్నము వేసికొని నిలిచియే యుండును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు: కర్తృత్వమును ఐదుగురికి పంచిపెట్టినచో, బ్రాకెట్టు విరిగి ఎవనికో దెబ్బ తగిలిననాడు జవాబు చెప్పువాడెవడు? ఇది బరువైన ఆక్షేపణయే. అయితే నేర్పరియైన ఇంజనీరు విరిగిన ముక్కను చేతికి తీసికొన్నప్పుడు చేయు పని యేది? పొరలు ఏ దిక్కున నున్నవో, వేడిమి చాలెనో లేదో, తీగ తడిసినదో, కొలత తప్పినదో వరుసగా వెదకుటయే గదా! ఆ వెదకులాట ఐదు హేతువుల విచారమే. "యంత్రము చేసినది, నేనేమి చేయుదును" అని తప్పించుకొనువాడు ఆ ఐదింటిలో ఒక్కదానినైన ఎరుగనివాడు. ఎరిగినవాడు తక్కిన నాలుగింటిని పరీక్షింపవలసిన భారము తనదేయని యొప్పుకొని డ్రాయింగుపై సంతకము చేయును.

కావున ఒకే ఫైలును ముగ్గురు విద్యార్థుల కిచ్చి, మూడు దిక్కుల ముద్రింపజేసి, బరువు వ్రేలాడదీసి విరుగగొట్టించి, ఎందుకు విరిగెనో వారిచేతనే వ్రాయింపవలెను. ఇప్పుడు ల్యాబ్ రికార్డులో చక్కగా వచ్చిన వస్తువు ఫొటో మాత్రమే అంటింపబడుచున్నది. వంకరపోయినవన్నియు చెత్తబుట్ట పాలగుచున్నవి. ఆ బుట్టలోని ముక్కలను బల్లపై పరచి వైవా అడుగు అధ్యాపకుడు మార్కులలో సగము ఆ ముక్కలకే కేటాయించుట న్యాయమని నా యభిప్రాయము.