యెరికో ఊట, మన బోరుబావి



యెరికో పెద్దలు ఎలీషా ప్రవక్త దగ్గరకు వచ్చి, తమ ఊరు మంచిదే గాని నీళ్లు మంచివి కావని దాచకుండా చెప్పుకున్నారు. ప్రవక్త ఊటలో ఉప్పు వేసి నీటిని బాగుచేసింది ఆ తరువాతే. నిజం ఒప్పుకున్న చోటనే స్వస్థత మొదలైంది.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో కాపురముంటున్న మనకూ ఊరు బాగుంది. కాని ఎండాకాలంలో వచ్చే ట్యాంకరు నీళ్లు ఏ బోరువో ఎంతమందిమి అడిగాం? తేటగా ఉంటే చాలనుకుంటాం. కంటికి కనిపించేది వేరు, ఉన్నది వేరు. గ్రానైటు రాతి నుంచి నీటిలో కరిగే ఫ్లోరైడుకు రంగూ వాసనా లేవు. అది ఎముకలను ఎలా వంచుతుందో నల్లగొండ పల్లెలు చూపాయి.

గనుల దగ్గర ఈ భయం మరీ ఎక్కువ. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని 2012లో ప్రారంభమైంది. వ్యర్థాల చెరువు వల్ల తమ బోర్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకున్నారు. గని నడిపే సంస్థ కాదన్నది. దీన్ని తేల్చవలసింది పరీక్షే. ఆ నేలలో యురేనియం సహజంగానే ఉంటుంది కనుక తవ్వకానికి ముందటి నీటినీ తరువాతి నీటినీ పోల్చాలి. రైతు కళ్లముందే నమూనా తీయాలి, ఫలితం తెలుగులో అతని చేతికివ్వాలి.

మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో యురేనియం 0.03 మిల్లీగ్రాములు మించరాదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి; వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. కాచితే క్రిములు చస్తాయి గాని ఇవి పోవు.

యురేనియాన్ని ఇంధనంగా మలిచే కర్మాగారం మన హైదరాబాదులోనే ఉంది. ఇక ఆ పల్లెతో మనకేం పని అనగలమా? పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన 'లౌదాతో సి' విశ్వలేఖలో, గనుల వల్ల భూగర్భజలాలకు కలిగే ముప్పును ప్రస్తావించి, మంచినీరు ప్రతి మనిషి హక్కని బోధించారు.

వంటింట్లో ఫిల్టరు పెట్టుకుంటే మన బాధ్యత తీరదు. పై అంతస్తులో మనం ఫిల్టరు నీళ్లు తాగుతుంటే, కింద సెల్లారులో వాచ్‌మన్ పిల్లలు బోరు నీళ్లే తాగుతుంటారు. మీ అపార్టుమెంటు సంఘంలో ఈ మాట ఎత్తండి. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి బోరు నీటినీ ట్యాంకరు నీటినీ పరీక్ష చేయించండి. ఫలితాన్ని అందరికీ కనబడేలా గోడకు అంటించండి. చదువురాని వారికి చదివి వినిపించండి.

బావి దగ్గర సమరియ స్త్రీని ప్రభువు నీళ్లడిగారు. దాహమని మన గుమ్మంలో నిలిచేవారిలో ఈనాటికీ ఆయనే ఉన్నారు. ఆ గ్లాసులో ఏముందో తెలుసుకుని మరీ ఇద్దాం.