అవిజ్ఞాత గర్భము

మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున, ప్రాయశ్చిత్త ప్రకరణములో, ఒక చిన్న విశేషణము కలదు. 'అవిజ్ఞాత' గర్భమును నశింపజేసినవానికి బ్రహ్మహత్యకు చెప్పిన వ్రతమే విధి యని అచట శాసనము. అవిజ్ఞాతమనగా ఆడుబిడ్డయో మగబిడ్డయో తెలియనిదని వ్యాఖ్యాతలు వివరించిరి. కుల్లూకభట్టాదులు దీనిని బ్రాహ్మణ గర్భమునకే పరిమితము చేసిరి. ఈ సంకోచము నేటివారికి రుచింపదు. రుచింపవలసిన పనియు లేదు. అయినను ఆ మాటలో ఒక గొప్ప సంయమము దాగియున్నది. తెరచాటున ఉన్నది ఎవరో తెలియదు. తెలియదు కావున మిక్కిలి గౌరవింపదగినవారే ఉన్నారని తలచి మెలగవలెను. తెలియకపోవుటయే అచట శిశువునకు రక్ష.

గర్భములోనికి జీవుడెప్పుడు ప్రవేశించునన్న విషయమున పూర్వులకు ఏకవాక్యత లేదు. శుక్రశోణితములతో జీవుడును కూడినప్పుడే అది గర్భమని చరక మతము. ఏడవ మాసమున జీవునితో కూడునని గర్భోపనిషత్తు. నాల్గవ నెల వరకు జారినది స్రావమనియు, ఐదారు నెలలలో పడినది పాతమనియు వైద్యశాస్త్రము పేరులు వేరు చేసినది. గర్భస్రావమైన తల్లికి ఎన్ని నెలల గర్భమో అన్ని రాత్రుల ఆశౌచమని మనువు. నేడు చట్టసభలలో వారములు లెక్కించుచున్నవారిని చూచి నవ్వనక్కరలేదు. నాడు నెలలు లెక్కించినవారికి ఎదురైన చిక్కే వారికిని ఎదురైనది.

ఈ చర్చలలో సాధారణముగా మరుగునపడునది తల్లి. సుశ్రుతుడు మాత్రము ఆమెను మరువలేదు. నాల్గవ మాసమున శిశువు హృదయము వ్యక్తమగును గనుక తల్లి అప్పుడు రెండు హృదయములు గలదియై 'దౌహృదిని' యగునని, ఆమె కోరినది ఇంటివారు సమకూర్చవలెనని శారీరస్థానమున చెప్పినాడు. చూలాలి కోరిక తీర్చవలెనని మన ఇండ్లలో పెద్దలు నేటికిని అనుట దీని ఛాయయే. ఇక ప్రసవము అడ్డుపడిన మూఢగర్భ చికిత్సలో, శిశువు సజీవమైయుండగా శస్త్రమును తాకింపరాదనెను. ఏలయన, అది బిడ్డను తల్లిని ఇరువురిని చంపును. శిశువు మృతమైనచో క్షణకాలమైనను ఉపేక్షింపరాదనెను. ఏలయన, ఉపేక్షించిన తల్లి పోవును. విధియు నిషేధమును రెండును రెండు ప్రాణములను కలిపి తూచి చెప్పినవే. ఒక హృదయమును మాత్రమే చూచి చేసిన శాసనము ఆయనకు వైద్యము కాదు.

ఆంగ్లేయుల పాలనలో 1860లో చేయబడి 1862 నుండి అమలైన భారత శిక్షాస్మృతి 312వ సెక్షను గర్భపాతమును నేరముగా నిర్ణయించినది. తల్లి ప్రాణము కాపాడుటకు సద్బుద్ధితో చేసినది తప్ప మిగిలినదంతయు శిక్షార్హమే. మూడేండ్ల వరకు, కడుపులో కదలిక వచ్చిన పిమ్మట ఏడేండ్ల వరకు చెర. తనంతట తాను చేసికొన్న స్త్రీయు నేరస్థురాలే. గర్భమునకు కారకుడై తొలగిపోయిన పురుషుని మాట ఆ సెక్షనులో లేదు.

ఆ కాలమున ఈ భారమెవరిపై పడెనో వేరుగ చెప్పనక్కరలేదు. బాలవితంతువులపై పడెను. కలకత్తా సంస్కృత కళాశాలాధ్యక్షుడైన ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లో వితంతు వివాహమును శాస్త్రప్రమాణములతో సమర్థించుచు, భ్రూణహత్యా పాపమును ఆపుటకు కూడ అదియే మార్గమని చెప్పిరి. మరుసటి యేడు చట్టము వచ్చినది. 1863లో పూనాలో జ్యోతిరావు ఫూలే దంపతులు గర్భవతులైన వితంతువులకు ఆశ్రయమిచ్చు గృహమును తెరచిరి. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహమును జరిపించిరి. వారికి ఎదురు నిలిచి శాస్త్రములు వల్లించినవారికి భ్రూణహత్య మహాపాతకమని తెలియకపోలేదు. ఆ పాతకమునకు ఆడుదానిని నెట్టునది ఎవరన్న ప్రశ్నయే వారికి తోచలేదు.

స్వతంత్ర భారతమున 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన సంఘము నియమింపబడి 1966లో నివేదిక ఇచ్చినది. 1971 నాటి చట్టము 1972 ఏప్రిల్ 1 నుండి అమలైనది. నిశితముగా చదివినచో ఆ చట్టము స్త్రీకి హక్కునిచ్చుటకంటె, నియమము ప్రకారము నడచిన డాక్టరు నేరస్థుడు కాడని చెప్పుట మీదనే ఎక్కువ దృష్టి నిలిపినది. 2021 సవరణచే ఇరువది వారముల వరకు ఒక డాక్టరు అభిప్రాయము, నిబంధనలలో పేర్కొన్న స్త్రీలకు ఇరువదినాలుగు వరకు ఇద్దరి అభిప్రాయము చాలునని ఏర్పడినది. అవివాహితలను ఈ సౌకర్యమునుండి వేరుచేయరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పాత నేరము మాత్రము పోలేదు. 2024 జూలై నుండి భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షనుగా నిలిచియున్నది.

ఈలోపల మనువు చెప్పిన తెర తొలగిపోయినది. స్కానింగు యంత్రము వచ్చి అవిజ్ఞాతమును విజ్ఞాతము చేసినది. జ్ఞానము వచ్చినంతనే సంయమము పోయినది. ఆరేండ్లలోపు బాలురు వేయిమందికి బాలికలు 1991 జనగణనలో 945 మంది, 2001లో 927, 2011లో 918. బ్రహ్మహత్యకు సమానమన్న పాపమును, సంధ్యావందనము తప్పని ఇండ్లలో సైతము ఆసుపత్రి రసీదుతో చేయించినవారున్నారు. స్త్రీ స్వేచ్ఛను గూర్చి కోపముతో మాటలాడువారు ఈ ఇండ్లను గూర్చి మెల్లగా మాటలాడుట వింత.

లింగనిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టము ఇచట 1860 నాటి చట్టమునకు తోచని మాట చెప్పినది. అట్టి పరీక్ష జరిగినచో, భర్తయో బంధువులో ఆ గర్భవతిని బలవంతపెట్టిరనియే న్యాయస్థానము మొదట భావింపవలెనని దాని 24వ సెక్షను. కాదని నిరూపించు భారము అవతలివారిది. స్మృతులలో వెదకినను దొరకని ఈ న్యాయము సుశ్రుతుని దౌహృదినికి దగ్గరది. ఆమె కోరినదేమని అడుగవలసిన ఇల్లు, ఆమె కడుపులోనిదేమని యంత్రమును అడిగినప్పుడు దోషమెవరిదో ఆ చట్టము గ్రహించినది.

మన గృహ్యసూత్రములును ఈ విషయమున నిర్దోషములు కావు. పుంసవనమన్న పేరులోనే మగబిడ్డపై ఆశ ఉన్నది. అయినను దాని వెనుకనే వచ్చు సీమంతమున, గోభిల సూత్రము ననుసరించు సామవేదులకు, ఒక చక్కని తంతు కలదు. నేయి పోసిన అన్నమును గర్భవతికి చూపించి, ఏమి చూచుచున్నావని భర్త అడుగును. ఆమె చెప్పవలసిన మాట 'ప్రజ' యని. ఆ శబ్దము వ్యాకరణమున స్త్రీలింగము. అర్థమున కొడుకును, కూతురును.