మద్య నిషేధము: చట్టము చేయగల పని, సంఘము చేయవలసిన పని



ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మన సంఘములలో ఒక ప్రశ్న లేచుచుండును. ఏదో ఒక పార్టీ మద్య నిషేధము తెచ్చెదమని వాగ్దానము చేయును. మన స్త్రీల సమాజములోని సహోదరీలు ఆ మాటను ఆశతో విందురు. జీతము దినమున ఇంటికి రావలసిన డబ్బు దారిలో ఎక్కడ ఆగుచున్నదో వారికి తెలియును. కొందరు పెద్దలు "మన సంఘము ఓట్లన్నియు ఆ పార్టీకే వేయుదము" అందురు. మరికొందరు "రాజకీయములు మనకెందుకు? ప్రార్థన చేసికొని ఊరకుందము" అందురు. ఇరువురును ప్రభువును ప్రేమించువారే. అయినను ఇరువురి మాటయు సరియైనది కానేరదు. కాబట్టి ఈ సంగతిని నిదానముగా ఆలోచింతము. త్రాగుడును ఆపుటకు విశ్వాసులు పార్టీల ద్వారా చట్టమును కోరవచ్చునా? కోరినయెడల ఎంతవరకు?

ఈ ప్రశ్న మనతో పుట్టినది కాదు. 1840లో నెల్లూరులో మన సేవను నాటిన మిషనరీలు ఏ అమెరికా దేశమునుండి వచ్చిరో, ఆ దేశములోనే ఈ పోరాటము మిక్కిలి తీవ్రముగా జరిగెను. అనేక బాప్టిస్టు సంఘములు చదువుకొను సంఘ నిబంధనలో మత్తు పానీయములను అమ్మము, త్రాగము అను తీర్మానము ఆ కాలపు ఫలమే. కాబట్టి వారి చరిత్ర మనకు పరాయిది కాదు.

1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రములోని హిల్స్‌బరో అను చిన్న పట్టణములో స్త్రీలు గుడిలోనుండి బయలుదేరి, త్రాగుడు అంగళ్ల ముందు మోకాళ్లూని ప్రార్థించిరి. అమ్మకము మానుమని యజమానులను బ్రతిమాలిరి. ఇది ఊరూరికి ప్రాకెను. అనేక అంగళ్లు మూతపడెను. కాని కొద్ది నెలలలోనే వాటిలో చాలా భాగము తిరిగి తెరువబడెను. 1874లో ఏర్పడిన క్రైస్తవ స్త్రీల మద్యవర్జన సమాజమునకు 1879 నుండి అధ్యక్షురాలైన ఫ్రాన్సెస్ విల్లార్డ్ దీనినుండి ఒక పాఠము నేర్చుకొనెను. ప్రార్థించు స్త్రీకి ఓటు కూడ ఉండవలెను, లేనియెడల ఆమె ఇంటిని ఆమె కాపాడుకొనలేదు అని ఆమె వాదించెను.

అంతకుముందే, 1869లో, షికాగో నగరములో ప్రొహిబిషన్ పార్టీ అను పేరుతో నిషేధము కొరకే ఒక రాజకీయ పార్టీ పుట్టెను. స్త్రీలను పురుషులతో సమానముగా ప్రతినిధులుగా కూర్చుండబెట్టుట దాని గొప్పతనము. అయితే 1872లో దేశాధ్యక్ష పదవికి నిలిచిన దాని అభ్యర్థికి ఆరు వేల ఓట్లు కూడ రాలేదు. 1884లో జాన్ సెయింట్ జాన్ అను మాజీ గవర్నరుకు సుమారు లక్షా నలుబది ఏడు వేల ఓట్లు వచ్చెను. న్యూయార్కు రాష్ట్రములో ఆయనకు పడిన ఓట్లు ఇంచుమించు ఇరువది అయిదు వేలు. అక్కడ గెలిచినవానికి, ఓడినవానికి మధ్య భేదము వెయ్యి ఓట్లకు కొంచెము మాత్రమే మించెను. ఆ రాష్ట్రమే దేశ ఫలితమును నిర్ణయించెను. గెలిచినవాడును నిషేధమును కోరినవాడు కాడు. మనస్సాక్షి చొప్పున ఓటు వేసినవారు దోషులని మేమనము. అయితే ఓటు వేసినంతనే పని జరిగినట్టు కాదని ఈ లెక్క చూపుచున్నది.

తరువాత మరియొక మార్గము కనుగొనబడెను. 1893లో ఒహాయోలోని ఓబర్లిన్‌లో యాంటీ సెలూన్ లీగ్ ఏర్పడెను. (అక్కడ సెలూన్ అనగా క్షవరము చేయు అంగడి కాదు, త్రాగుడు అంగడి.) ఈ లీగు తాను పార్టీగా నిలువలేదు. సంఘములలోనుండి చందాలు, ఓట్లు కూడగట్టి, ఏ పార్టీవాడైనను సరే, శాసనసభలో నిషేధమునకు చేయి ఎత్తువానిని గెలిపించును, ఎత్తనివానిని ఓడించును. 1905లో ఒహాయో గవర్నరునే ఈ విధముగా ఓడించిరి. ఇది చాలా బలమైన సాధనము. కాని ఇందులో ఒక లోపము కలదు. లీగు అభ్యర్థిని ఒక్క ప్రశ్నే అడిగెను. అతడు ఎట్టివాడు, మిగిలిన విషయములలో ఏమి చేయును అని అడుగలేదు. తాను త్రాగువాడైనను సభలో నిషేధమునకు ఓటు వేసిన చాలును. సెనేటరుగా నిషేధ సవరణకు ఓటు వేసిన వారెన్ హార్డింగ్, 1921లో అధ్యక్షుడైన తరువాత శ్వేత భవనములో స్నేహితులకు విస్కీ పోయించెను.

బాప్టిస్టులమైన మనకు ఇంకను బాధ కలిగించు ఉదాహరణ ఒకటున్నది. 1916లో ఫ్లోరిడా గవర్నరుగా ప్రొహిబిషన్ పార్టీ అభ్యర్థి సిడ్నీ క్యాట్స్ గెలిచెను. ఆయన బాప్టిస్టు బోధకుడు. ఆయన ప్రచారములో నిషేధముతోపాటు రోమన్ క్యాథలిక్కులపై ద్వేషము నిండియుండెను. నిషేధము కావలెనని ఆయనకు ఓటు వేసిన భక్తిగల రైతు, ఆ ద్వేషమునకును తన ఓటు ఇచ్చెను. పొరుగువాని ఇంటిని త్రాగుడునుండి కాపాడబోయి, మరియొక పొరుగువానిమీద రాయి విసరుటకు చేయి అందించెను. నేడు మన దేశములో కొద్దిమందిగా బ్రదుకుచున్న మనము ఈ సంగతిని మరువరాదు. సంఘముల ఓట్లను ఒక్క వాగ్దానమునకు మూటగట్టి ఇచ్చినప్పుడు, ఆ మూటతో ఆ మనుష్యుడు చేయు మిగిలిన పనులన్నిటిలోను మనము పాలివారమగుదుము.

1919 జనవరిలో నిషేధ సవరణ ఆమోదము పొంది, 1920 జనవరిలో అమలునకు వచ్చెను. అది తయారీని, అమ్మకమును, రవాణాను నిషేధించెనే గాని త్రాగుటను నేరముగా చేయలేదు. మొదటి సంవత్సరములలో త్రాగుడు బాగుగా తగ్గెను, కాలేయ రోగముచేత చనిపోవువారు తగ్గిరి. నిషేధము బొత్తిగా వ్యర్థమని చెప్పువారు ఈ మాట దాచకూడదు. అయితే దొంగ సారా, లంచము, ముఠాల హత్యలు కూడ పెరిగెను. 1929 తరువాత ఆర్థిక మాంద్యము వచ్చి ఖజానా ఎండిపోయినప్పుడు మద్యము పన్ను ప్రభుత్వమునకు తిరిగి గుర్తుకు వచ్చెను. 1933 డిసెంబరు 5న సవరణ రద్దయ్యెను. పదునాలుగేండ్లు కూడ నిలువలేదు.

ఎందుకు నిలువలేదు? కారణములు అనేకము. అందులో ఒకటి సంఘములకు సంబంధించినది. చట్టము వచ్చిన తరువాత లీగులోనే రెండు అభిప్రాయములు పుట్టెను. ఎర్నెస్ట్ చెరింగ్టన్ అను నాయకుడు, ప్రజలకు బోధించు పనిని విడువరాదనెను. వేన్ వీలర్ అను న్యాయవాది, చట్టమును గట్టిగా అమలు చేయించుటయే ముఖ్యమనెను. వీలర్ మాటయే చెల్లెను. గెలిచితిమి గదా అని బోధించువారు తమ పనిని పోలీసులకు అప్పగించి కూర్చుండిరి. చట్టము క్రింద నేల లేకపోయెను.

ఇప్పుడు మన నేలకు వత్తము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతులలో చదువుకొనుచున్న స్త్రీలు, రోశమ్మ మొదలైనవారు, సారా అంగడిని మూయించిరి. మన సేవ ఆరంభమైన జిల్లాయే అది. 1980ల దశకములో ప్రభుత్వమే వారుణి వాహిని అను పథకముతో సారాను పొట్లములలో ఊరూరికి చేర్చియుండెను. ఆ స్త్రీలు ఏ పార్టీవారును కారు. వేలము పాటలను వారు అడ్డుకొనిరి. 1993 అక్టోబరు 1న ఆంధ్ర ప్రదేశ్ అంతట సారా నిషేధము వచ్చెను. 1994 ఎన్నికలలో సంపూర్ణ నిషేధము వాగ్దానముగా మారెను. 1995 జనవరి 16న అది చట్టరూపములో అమలయ్యెను. 1997లో, రెండేండ్లు దాటగానే, సడలింపబడెను. ఖజానాకు డబ్బు చాలదనియు, దొంగ సరుకు అరికట్టలేమనియు చెప్పిరి. పొరుగుననున్న యానాము ఆ రెండేండ్లును నిషేధమునకు వెలుపలనే యుండెను. స్త్రీలు తెచ్చిన దానిని పార్టీ తీసికొనెను. పార్టీ తీసికొనిన దానిని ప్రభుత్వము తిరిగి విడిచిపెట్టెను.

మనము నివసించు ఇతర రాష్ట్రములలోను ఇట్టిదే కనబడును. 1937లో రాజాజీ సేలము జిల్లాలో నిషేధము ప్రారంభించిరి. తమిళనాడులో 1971లో అది ఎత్తివేయబడి, మరల వచ్చి, మరల పోయెను. 2003 నుండి అక్కడ చిల్లర అమ్మకము ప్రభుత్వ సంస్థయైన టాస్మాక్ చేతిలోనే యున్నది. కర్ణాటకలో 2007లో సారాను నిషేధించిరి, బ్రాందీ షాపులు మిగిలెను. రాజ్యాంగము 47వ అధికరణము మద్య నిషేధమునకు ప్రయత్నింపవలెనని రాజ్యమునకు నిర్దేశించుచున్నది. అయినను అమ్మకపు పన్నుతో జీతములు చెల్లించు ప్రభుత్వము, తన చేతితో తన సంచిని మూయుట కష్టము.

కాగా మనము ఏమి చెప్పుదుము? చట్టము వద్దనియా? కాదు. విశ్వాసులకు మనస్సాక్షి స్వాతంత్ర్యము బాప్టిస్టుల ప్రాణము. భక్తిని పోలీసువానిచేత పుట్టించలేము. అయితే పొరుగువానికి త్రాగబోయు వానిని ప్రవక్తయైన హబక్కూకు గద్దించెను. అమ్మకము పొరుగువానికి హాని చేయు వ్యాపారము. బడి ప్రక్కన, గుడి ప్రక్కన, కూలివారి వీధి మొగలో అంగడి తెరువవద్దని కోరుట భక్తిని బలవంతపెట్టుట కాదు, బలహీనుని కాపాడుట. అంగడికి లైసెన్సు ఇచ్చునది ప్రభుత్వమే గనుక, మనము నోరు మూసికొనుట కూడ ఒక పక్షమునకు ఓటే. అమ్మువానిని అడ్డగించు చట్టము వేరు, త్రాగి పడిపోయినవానిని జైలులో వేయు చట్టము వేరు. బీహారులో 2016లో తెచ్చిన చట్టము త్రాగినవానిని కూడ కఠినముగా శిక్షించెను. దానిని 2018లోను 2022లోను సడలింపవలసి వచ్చెను.

మహారాష్ట్రలోని మన సంఘములవారికి మరియొక మార్గము తెలిసియుండును. ఊరిలోని లేక వార్డులోని స్త్రీలు ఓటు వేసి తమ అంగడిని మూయించు నియమము అక్కడ కలదు. సీసా నిలువుగానున్న గుర్తు ఉంచుటకు, అడ్డముగా పడిన గుర్తు మూయుటకు. ఆ తీర్పు ఏ పార్టీ వాగ్దానమును కాదు. ఆ వీధిలో బాధపడువారే ఇచ్చు తీర్పు. తన పొరుగువారిని తానే ఒప్పించి తెచ్చినది గనుక, దానిని కావలి కాయుటకును ఆ పొరుగువారే ఉందురు.

కావున మన సంఘములకు కొన్ని మాటలు సవినయముగా చెప్పుచున్నాము. విశ్వాసి తన ఓటును ప్రార్థనతో, స్వేచ్ఛగా వేయవలెను. సంఘ పెద్దలు సంఘము పేరుతో ఓట్లను ఏ పార్టీకిని మాట ఇయ్యరాదు. ప్రసంగ పీఠమును ఏ అభ్యర్థికిని అప్పగించరాదు. ఓటు అడుగ వచ్చినవానిని నిషేధము గురించి తప్పక అడుగుడి, కాని దానితోనే ఆగక, ఖజానా లోటును ఎట్లు పూడ్చెదవు, బీదలను ఎట్లు చూచెదవు, ఇతర మతస్థులను గురించి ఏమి మాటలాడుచున్నావు అనియు అడుగుడి. మద్యము కాంట్రాక్టరు ఇచ్చు చందాతో గుడి గోడ కట్టి, ఆ గోడలోపల నిషేధము కొరకు ప్రార్థించుట తగదు. మన పెండ్లి విందులలో పందిరి వెనుక జరుగునది మన పెద్దలకు తెలియనిది కాదు. అక్కడ చట్టమేమియు అక్కరలేదు, పెద్దల ధైర్యము చాలును.

అన్నిటికంటె ముఖ్యము త్రాగువాని సంగతి. అమెరికాలో నిషేధము రద్దయిన రెండేండ్లకు, 1935లో, అదే ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ నగరములో ఇద్దరు త్రాగుబోతులు కలిసికొని ఒకరినొకరు ఆదుకొనిరి. అక్కడనుండియే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినది. ఇన్నేండ్ల పోరాటములో పార్టీలు అంగడిని చూచెను, ఓటును చూచెను. మనుష్యుని ప్రక్కన కూర్చుండిన వారు తక్కువ. ఆ కూర్చుండు పని సంఘము పని. మన సంఘములలో త్రాగువానిని సభ్యత్వమునుండి తొలగించుటకు కమిటీలు కలవు. అతడు మానిన మొదటి వారమున సాయంకాలము అతనితో నడచుటకు, అంగడి వీధిని తప్పించి ఇంటికి చేర్చుటకు ఎవరు కలరు? అతని భార్య దెబ్బలు దాచుకొని ఆదివారము పాట పాడుచుండగా ఆమెను ఎవరు పలుకరించిరి?

చట్టమును కోరుదము, దాని కొరకు న్యాయముగా ఓటు వేయుదము. కాని చట్టము వచ్చిన దినమున మన పని ముగిసినదని అనుకొనరాదు. పార్టీలు అయిదేండ్లకొకసారి వచ్చును. త్రాగుబోతు ప్రతి రాత్రి ఇంటికి వచ్చును. ఆ ఇంటి తలుపు దగ్గర సంఘము నిలిచియుండునట్లు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.