ఒక్కటే స్థానము, తగినవారు ఇద్దరు



ఒక పనికి తగినవారు ఇద్దరుండి, స్థానము ఒక్కటే యున్నప్పుడు ఏమి చేయవలెను? పాటలు నడిపించుటకు గాని, సంఘపెద్దగా నుండుటకు గాని ఒకరిని పిలిచిన దినమున రెండవవారి ముఖము చిన్నబోవును. కొన్నిచోట్ల ఆ కుటుంబమంతయు ఆరాధనకు వచ్చుట మానుకొనును. కావున ఇది చిన్న ప్రశ్న కాదు.

దీనిని ఆలోచించుటకు మన విశాఖపట్టణము నుండియే యొక దృష్టాంతము కలదు. క్రికెట్టు జట్టులో బ్యాటు పట్టువారు, బంతి వేయువారు పలువురుందురు. గాని వికెట్ల వెనుక నిలుచు కీపరు ఒక్కడే. రెండవ కీపరు ఎంత నేర్పరియైనను చాలమారులు బయట కూర్చుండవలసినదే.

1993లో విశాఖపట్టణమున పుట్టిన కోన శ్రీకర్ భరత్ కీపరు. 2015లో రంజీ పోటీలలో ఆంధ్ర జట్టు తరపున గోవాపై 308 పరుగులు చేసెను. ఆ పోటీలలో మూడువందలు చేసిన మొదటి కీపరు అతడే. అయినను భారత టెస్టు జట్టులో ఆడుటకు 2023 ఫిబ్రవరి వరకు కనిపెట్టవలసి వచ్చెను. ఆ స్థానము ఎట్లు ఖాళీ యాయెనో చూడుడి. 2022 డిసెంబరు 30న రిషభ్ పంత్ కారు ప్రమాదములో తీవ్రముగా గాయపడెను. ఒకని కష్టమే మరియొకనికి అవకాశమాయెను.

2024 జనవరిలో ఇంగ్లాండు జట్టు మన దేశమునకు వచ్చినప్పుడు, ఈ పోటీలలో కె.ఎల్. రాహుల్ కీపరుగా ఉండడని శిక్షకుడు రాహుల్ ద్రావిడ్ ముందుగానే తెలిపెను. ఇక మిగిలినవారు ఇద్దరు: భరత్, ధ్రువ్ జురెల్. భరత్ కొద్ది దినముల ముందే అహ్మదాబాదులో ఇంగ్లాండ్ లయన్స్ జట్టుపై 116 పరుగులు చేసి ఔటు కాకుండ నిలిచియుండెను. మొదట అతనినే నిలిపిరి. హైదరాబాదులో 41, 28 చేసెను. సొంత ఊరైన విశాఖలో 17, 6 మాత్రమే చేసెను. ఫిబ్రవరి 15న రాజ్‌కోట్‌లో మొదలైన మూడవ టెస్టునకు జురెల్‌ను తీసికొనిరి. అతడు అక్కడ 46 చేసెను. తరువాత రాంచీలో 90, 39 చేసి ఆ ఆటలో ఉత్తముడని బహుమానము పొందెను.

భరత్‌కు అన్యాయము జరిగెనా? రెండు ఆటలు చాలునా అని కొందరందురు. జురెల్ చేసిన పరుగులే జవాబని మరికొందరందురు. ఈ రెండవ మాట సరియైనది కాదు. ఎన్నుకొను దినమున ఆ పరుగులు ఎవరికిని తెలియవు. ఫలితము తరువాత వచ్చును. ఎన్నిక ముందే జరుగవలెను. కావున ఎన్నుకొనినవాడు గెలిచెనని ఎన్నిక న్యాయమైనది కాదు, ఓడెనని అన్యాయమైనదియు కాదు. అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఇద్దరిని ఒకే కొలతతో చూచిరా? బంధువని గాని, ఎక్కువ కానుక ఇచ్చువాడని గాని ఒకనివైపు మొగ్గిరా? విడువబడినవానికి ఆ సంగతి ఎదుటనే చెప్పిరా?

మరియొక సంగతి. ఒకని మనస్సు నొచ్చునని తగినవానిని నిలుపకుండుట దయ వలె కనబడును. గాని ఆ పనిమీద ఆధారపడిన పదిమంది నష్టపోయినయెడల అది దయ కాదు.

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో యూదా స్థానమునకు ఇద్దరిని నిలువబెట్టిరి: బర్సబ్బా అనబడిన యోసేపును, మత్తీయను. ఇద్దరును యోహాను బాప్తిస్మము నాటినుండి ప్రభువుతో తిరిగినవారే. ప్రార్థన చేసి చీట్లు వేయగా మత్తీయ వచ్చెను. యోసేపునందు లోపమున్నదని అక్కడ ఒక్క మాటయు లేదు. విశేషమేమనగా, ఆ తరువాత ఈ ఇద్దరిలో ఎవరి పేరును గ్రంథములో మరల కనబడదు. చీటి ఒక పనికి మనుష్యుని ఏర్పరచెను గాని, ఇద్దరి విలువను తూచలేదు.

జురెల్ కథయు అంతటితో ముగియలేదు. 2024 సెప్టెంబరులో పంత్ కోలుకొని చెన్నైలో తిరిగి టెస్టు ఆడెను. రాంచీలో బహుమానము పొందిన జురెల్ ఏడు నెలలలోనే బయట కూర్చుండెను. ఆ స్థానము పంత్‌ది కాదు, భరత్‌ది కాదు, జురెల్‌దియు కాదు. అది కొంతకాలము వారికి అప్పగింపబడిన పని.

కావున పెద్దలారా, ఇద్దరిలో ఒకరిని ఏర్పరచుకొనవలసినప్పుడు, సభలో పేరు చదువకముందే రెండవవాని ఇంటికి వెళ్లుడి. కారణము దాచక చెప్పుడి. అతడు చేయగల వేరొక పని ఉన్నయెడల ఆ దినమే అప్పగించుడి. ఏర్పరచబడినవాడా, నీవును అతని యింటికి వెళ్లుము. రేపు నీ స్థానములో అతడు నిలువవచ్చును. విడువబడిన సహోదరుడా, నిన్ను అయోగ్యుడవని ఎవరును అనలేదు. వచ్చు ఆదివారము నీవు కూర్చుండు చోటనే వచ్చి కూర్చుండుము.