ఆకలికీ బాప్తిస్మానికీ నడుమ

1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మందితో ఒక బాప్టిస్టు సంఘం మొదలైంది. అమెరికా నుంచి వచ్చిన జాన్ క్లౌ దానికి బోధకుడు. పన్నెండేళ్లు తిరక్కుండానే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను క్రైస్తవులు గర్వంగా చెప్పుకుంటారు. మిగతావాళ్లు అనుమానంగా వింటారు. కరువు రోజులు కదా, తిండి కోసం చేరారు అంటారు. నేను విశ్వాసిని కాను. అయినా ఆ గర్వం దగ్గరా ఆగలేను, ఆ అనుమానం దగ్గరా ఆగలేను. ఆ రెండు తేదీల నడుమ జరిగిన ఒక పని నన్ను ఆలోచనలో పడేస్తుంది.

1876-78 కరువు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలను ఎండగట్టింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. కుర్రతనంలో సర్వే పని నేర్చిన క్లౌ కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. గుంపులకు మేస్త్రీలుగా ఉన్నవాళ్లు చాలామంది ఆయన సంఘపు బోధకులే. పగలు మట్టి మోసినవాళ్లు పొద్దువాలాక ఆ బోధకుల మాటలు వినేవారు. మమ్మల్ని చేర్చుకోండి అని అడిగినవాళ్లు తక్కువేం కాదు. అప్పుడు క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి ఇస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, ఎవరికీ ఇవ్వలేదు.

ఎందుకు ఆపినట్టు? కూడు పెట్టే చెయ్యీ మతం ఇచ్చే చెయ్యీ ఒకటే అయినప్పుడు, ఎదుటివాడు అనే ‘సరే’లో ఎంత తన ఇష్టమో తేల్చడం కష్టమని ఆయనకు తెలుసు. కాదనగలిగినవాడు అవునన్నప్పుడే ఆ మాటకు విలువ. సేవ చేసే ప్రతి గుంపుకూ, అది చర్చి కానీ మఠం కానీ పార్టీ కానీ, ఎదురయ్యే ప్రశ్న ఇదే. నీ అన్నం తిని నిన్ను కాదని వెళ్లిపోయే దారి అతనికి ఉందా?

కానీ ఆ ఎడం సరిపోయిందా? కరువు సాయం ముగిశాక, ఇక ఇచ్చేందుకేమీ లేదని చెప్పినా జనం వెల్లంపల్లికి వచ్చారని, కాయలు కాసిన చేతులు చూపించి సాయం వద్దు, బాప్తిస్మం కావాలన్నారని ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ అనే ఆయన గ్రంథం చెబుతుంది. అది దొర వైపు నుంచి రాసిన కథ. ఆ చేతులవాళ్లు తమ సంగతి తామే రాసుకున్న కాగితం మన చేతిలో లేదు. ప్రాణం నిలిపినవాడి మీద కృతజ్ఞత ఉండదా? ఉంటుంది. కృతజ్ఞత కలిసిన నమ్మకం అబద్ధపు నమ్మకమా? నేను అలా అనలేను. కన్నతల్లి మీద మన ప్రేమలో కూడా ఆమె పెట్టిన అన్నం ఉంది.

పైగా కథ కరువుతో మొదలు కాలేదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, కరువుకు పదేళ్ల ముందే ఆ సంఘంలో చేరాడు. అంతకుముందే యోగమార్గపు గురువుల దగ్గర సత్యం కోసం వెతికినవాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పైకులాలవాళ్లు చెప్పినా క్లౌ వీళ్లనే చేర్చుకున్నాడు. చేరినవాళ్లు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, జాతరలో డప్పు కొట్టబోమన్నారు, ఆదివారం పనికి రామన్నారు. వెట్టి చేసే మనిషి వారానికొక రోజు తనదేనని చెప్పడం ఎంత పెద్ద మాటో ఆలోచించండి. దానికి బదులుగా బావి దగ్గర, పొలం దగ్గర బాధలు పడ్డారు. తిండి కోసమే చేరినవాళ్లు ఉన్న తిండిని పోగొట్టుకునే పని ఎందుకు చేస్తారు?

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. నమ్మకానికి రుజువు చూపమని మనం అడిగేది పేదవాణ్ణే. గుడిలో తొలి తాంబూలం అందుకునే ఆసామి భక్తిలో ఎంత దేవుడు, ఎంత పెత్తనం అని ఎవరం అడగం. గోనె కట్టుకున్నవాడి విశ్వాసాన్ని మాత్రం తక్కెడలో పెడతాం. చట్టమూ ఆ చూపుకు దూరంగా లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులాలవాడు కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. పేటలో మాత్రం అతని కులం అతని వెంటే ఉంది.

అలాగని చర్చిని వదిలిపెట్టలేను. కులం లేదని చెప్పిన చోటే మాలల చర్చి, మాదిగల చర్చి వేరువేరుగా లేచాయి. ఒకే వాక్యం చదివేవాళ్లు పిల్లనివ్వడానికి కులం అడుగుతారు. బయటివారికి చేసే సేవ కంటే ఈ లోపలి పని కష్టం. అందుకే కాబోలు ముందు బయటికి వెళ్తారు.

ఈ రోజు మన ఊరి పేటలో రేకుల కప్పు కింద నలభై యాభై మంది కూడే చిన్న సంఘాన్ని చూడండి. కానుక డబ్బాలో పడే చిల్లరలోంచే విధవరాలికి చీర, జబ్బుపడ్డవాడికి మందులు తెస్తారు. ఉన్నవాడు ఇవ్వడం వేరు, తనకే చాలనివాడు పంచడం వేరు. రెండో దాన్ని నేను గొప్పగా తలుస్తాను. కనుకే ఆ పాస్టరుగారికి నా విన్నపం: బియ్యం సంచి ఇచ్చే రోజు కరపత్రం ఇంట్లో ఉంచి రండి, మీ సంఘంలో ఎప్పటికీ చేరని ఇంటికి కూడా ఆ సంచి వెళ్లాలి. బయట నిలబడి చూసే మనకూ ఒక మాట: పేటలోని మనిషి ఆ సంఘానికి ఎందుకు వెళ్లాడని అడిగేముందు, అంతకుముందు అతన్ని మన అరుగు మీద కూర్చోనిచ్చామా అని అడుగుదాం.